ఆడోళ్ల భద్రతకు దుబాయ్ కాక సూత్రాలు

నేను పద్దెనిమిదేండ్లు దుబాయ్‌ల ఉన్న. మేం పనిచేసే సైట్ గేటు మీద ‘సేఫ్టీ ఫస్ట్’ అని పెద్ద బోర్డు ఉంటుండె. ఆ బోర్డు కిందికెల్లి రోజుకు రెండుసార్లు పోయివచ్చిన. గందుకే భద్రత గురించి నాకు తెలిసినంత ఈ భీమ్‌గల్‌ల ఇంకెవ్వలకు తెల్వదని నా నమ్మకం. 2022ల ఇంటికొచ్చిన. అప్పటిసంది బస్టాండ్ ముంగట హోటల్ల పొద్దుగాల ఒక చాయ్, మాపటికి ఒక చాయ్ తాగుకుంట వచ్చే ఆడోళ్లను, పోయే ఆడోళ్లను చూస్తున్న. చూసుడు గాదు, గమనించుడు. రెండింటికి తేడా ఉన్నది. మనోళ్లకు జర గూడ భయం లేదు. ఆర్మూర్ బస్సు దిగి చీకట్ల నడుసుకుంట ఇంటికి పోతరు. పైకెల్లి నవ్వుకుంట పోతరు. గిది చూసి ఆగలేక ఈ సూత్రాలు రాస్తున్న.

నేను లేనప్పుడు మా ఇంటామె ఎట్ల బతికిందో లింబాద్రి గుట్ట నర్సింహస్వామికే ఎరుక. బీడీలు చేసి కార్ఖానాల ఇచ్చొచ్చింది. రెండెకరాల పసుపు చూసుకున్నది. మా అమ్మకు పాణం బాగలేకుంటే ఇందూరు దవఖానకు తోల్కపోయింది. ఎవుసానికి ఇరవై నాలుగ్గంటల కరెంటు 2018 జనవరిల వచ్చింది గని, అంతకుముందు రాత్రిపూట వంతు వస్తే రాత్రే పోవాలె. మోటరు పెట్టనీకి బాయికాడికి ఒక్కతే టార్చి పట్టుకొని పోయింది. ఇన్నేండ్లల్ల ఆమెకు ఏం గాలేదంటే దానికి కారణం నేను ఫోన్ల చెప్పిన జాగ్రత్తలే. అక్కడ డ్యూటీ ఒడిసి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర అయితుండె. ‘ఇంత రాత్రిదాక ఎందుకు మేల్కొని ఉన్నవే, తలుపేసుకొని పండుకోవద్దా’ అని రోజు కోపం జేస్తుంటి. ‘నీ ఫోన్ కోసమే’ అంటుండె. సాకులకు కొదవ లేదు.

బోధన్ కాడ శక్కర్ నగర్‌ల మా బావ ఉంటుండె. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ మూతవడ్డంక ఆయన గూడ గల్ఫ్ దారి పట్టిండు. అక్కడికెల్లి ఆయన మా చెల్లెకు జాగ్రత్తలు చెప్తడు. మా దిక్కు ఇది ఆనవాయితీ. సముద్రం అవతల ఉన్నోళ్లకు ఇక్కడి గల్లీలు మంచిగ కనవడ్తయి.

మొదటి సూత్రం: పొద్దుమూకినంక బయట కాలు పెట్టొద్దు. ఆపదంతా బయటనే ఉంటది, ఇంట్ల ఉండది. ఈ మాట అనంగనే డిచ్‌పల్లిల తెలంగాణ యూనివర్సిటీల చదివే మా బిడ్డ అడ్డం వడ్డది. ‘బాపూ, నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏటా లెక్క తీస్తది. అత్యాచారం కేసులు పదైతే తొమ్మిదింటికి మించి, చేసినోడు ఆ ఆడమనిషికి తెలిసినోడే. చుట్టమో, పక్కింటోడో, దోస్తో, పని ఇచ్చిన సేటో’ అన్నది. మంచిదే గదా బిడ్డా, గట్లయితే తెల్వనోళ్లతోని అంత భయం లేదన్నట్టు అన్న. ఆమె లేచి బయటికి పోయింది. అప్పటికే పొద్దుమూకింది. తెలిసినోళ్ల గురించి గూడ ఒక సూత్రం రాద్దామనే అనుకున్న గని, రాస్తే చుట్టాలు మనసుల పెట్టుకుంటరు. దసరాకు ఎవ్వలు రారు. అందుకే విడిచిపెట్టిన.

ఆడోళ్లు తెల్లారినంకనే బయటికి వస్తే పసుపు తవ్వేదెవ్వలని హోటల్ల ఒకాయన అడిగిండు. నిజమే. తవ్వకాలప్పుడు కూలోళ్ల ఆటోలు కోడికూతకే పోతయి. ఆటోల పట్టేది నలుగురైతే ఎక్కేది పన్నెండు మంది. డ్రైవర్ తాగిండా లేదా, బండికి ముంగట లైటున్నదా లేదా అన్నది నా పుస్తకంల రాదు. నాది ఆడోళ్ల నడవడికకు సంబంధించిన పని. మరుగుదొడ్ల ముచ్చట గూడ అంతే. 2014ల స్వచ్ఛ భారత్ వచ్చి ఇంటింటికి కట్టుడు మొదలయ్యేదాక మా ఊర్ల శానామంది ఆడోళ్లు పొద్దు వొడవకముందు ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి చెంబు పట్టుకొని పోతుండిరి. మొగోళ్లు పగటీలి పోతుండిరి. ‘మమ్మల్ని చీకట్లకు తోలింది మీరే, చీకట్ల తిరగొద్దని చెప్పేది మీరే’ అంటది మా ఇంటామె. ఆమెకు పాత ముచ్చట్లు తవ్వుడు ఎక్కువ.

రెండోది: నడిచేటప్పుడు నెత్తి వంచుకొని, కండ్లు కాళ్ల మీద పెట్టుకొని పోవాలె. ఎదురొచ్చేటోడు కనవడడు, ఎన్కొచ్చేటోడు కనవడడు. కనవడకుంటే లేనట్టే. మా ఇంటామె దీనికి పూర్తి ఉల్టా. నెత్తి ఎత్తుకొని నడుస్తది. మూలకాడ ఆగి రెండు దిక్కుల చూస్తది. ఎవ్వడన్న ఎంబడి వస్తున్నడని అనుమానమైతే సడక్ దాటి అటు దిక్కు పోతది. వాడు గూడ దాటితే దగ్గరున్న దుకాణంల పోయి పావుకిలో ఉల్లిగడ్డ అడుగుతది. మా ఇంట్ల ఉల్లిగడ్డ ఎన్నడు కొదవ లేకుండెనట. ఆటో ఎక్కితే నంబరు చూసి బిడ్డకు ఫోన్ల గట్టిగ చెప్తది, డ్రైవర్‌కు వినవడేటట్టు. ఇట్ల ప్రతోన్ని అనుమానించుడు సంసారుల లక్షణమేనా?

మూడోది బట్టలు. దీని గురించి ఎములాడ నుంచి ఢిల్లీ దాక అందరు చెప్పిండ్రు, నేను కొత్తగ చెప్పేదేం లేదు. నిండు చీర కట్టినోళ్లను, బురఖా ఏసినోళ్లను, బడి యూనిఫారంల ఉన్న పిల్లలను గూడ ఏడిపిచ్చిండ్రు గదా అని మా బిడ్డ అంటది. మధ్యల మాట్లాడొద్దన్న.

ఎక్కడికి పోయినా మొగతోడు ఉండాలె. ఇది నాలుగోది. ఇండ్ల తిరుగులేదనుకుంటి. బిడ్డ ఒక పాత ముచ్చట తీసింది. 1978ల పట్నంల ఒకామె మొగనితోని సెకండ్ షో సినిమా చూసి వస్తుంటే నల్లకుంట ఠాణాకు తీస్కపోయిండ్రట. ఆమె మీద అత్యాచారం చేసింది పోలీసులే. ఇదేందని కొట్లాడిన మొగన్ని కొట్టి చంపిండ్రు. పట్నమంత లేచింది, కాల్పులు అయినయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసును రాయచూరుకు మార్చిండ్రు, అక్కడి కోర్టు అందరిని విడిచిపెట్టింది. ఆ కోర్టుల ఆమె నడవడిక మీదనే ఎక్కువ మాట్లాడిండ్రట. చూసినవా మరి, సెకండ్ షోకు ఎందుకు పోవాలె అందామని నోటిదాక వచ్చింది. మా ఇంటామె నా దిక్కు చూస్తుండె. చాయ్ తాగిన.

ఇగ బస్సు. 9 డిసెంబర్ 2023 నుంచి పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు పైసలు లేవు. కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతుల పెడ్తడు. ఆనాటిసంది బస్సుల నిండ ఆడోళ్లే. కార్ఖానాకు, బ్యాంకుకు, దవఖానకు, అవ్వగారింటికి, ఏం పని లేకున్నా పోతున్నరు. ఇంతమంది ఆడోళ్లు ఒక్క జాగల ఉంటే భద్రత ఎట్లుంటది? మొగోళ్ల భద్రత అంటున్న. ‘స్త్రీలకు మాత్రమే’ అని రాసిన సీట్ల నేను కావాలనే కూసుంట. వాళ్లకు ఒక కావలి ఉండాలె గదా. మొన్న ఒక పెద్దవ్వ నా భుజం తట్టి ‘లే కొడుకా, చదువొచ్చినట్టే ఉన్నవ్’ అన్నది. లేచిన. కావలి పోయింది.

బస్సుల పాటించాల్సిన సూత్రం ఒక్కటే: చప్పుడు చేయొద్దు. మా ఇంటామె కథ చెప్త, ఎట్ల చేయొద్దో మీకు తెలుస్తది. ఆమె పుస్తెలతాడుకు ఒక పిన్నీస ఉంటది, పెద్దది. నేను దుబాయ్‌ల ఉన్నప్పటి ముచ్చట. ఆర్మూర్‌కెల్లి వస్తుంటే ఎన్క నిలవడ్డోడు బ్రేకు పడ్డప్పుడల్ల ఆమె మీద వడుతుండెనట. బ్రేకు పడనప్పుడు గూడ వడుతుండెనట. మొదటిసారి పక్కకు జరిగింది. రెండోసారి తిరిగి వాని మొకం చూసింది. మూడోసారి పిన్నీస తీసింది. వాడు పెట్టిన పొలికేకకు డ్రైవర్ నిజంగనే బ్రేకు వేసిండు. ఏమైందన్నా అని కండక్టర్ అడిగితే వాడు చెప్పలేకపాయె. ఈమె చెప్పింది, బస్సు మొత్తం వినవడేటట్టు. అప్పటిదాక కిటికీల అవతలికి చూస్తున్న ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు ‘నన్ను గూడ గిట్లనే జేసిండు’ అన్నరట. వాన్ని నడిమధ్యల దింపిండ్రు.

ఏండ్లయినంక నాకు ఈ ముచ్చట తెలిసి మస్తు బాధైంది. నేనుంటే ఏం జెప్తుంటి? ముంగటికి జరుగు. ఇంకింత జరుగు. జాగ లేకుంటే దిగి ఎన్కొచ్చే బస్సుకు రా. ‘ఎన్కొచ్చే బస్సుల గసొంటోడు ఉండడా?’ అని అడిగింది. అది గాదే, నలుగుట్ల ఇజ్జత్ పోయింది గదా అన్న. ‘ఎవ్వనిది?’ అన్నది. ఇన్నేండ్ల సంసారంల ఆమె అడిగిన ప్రశ్నలు రెండు మూడే ఉంటయి, అన్ని గిసొంటియే.

ఐదోదో ఆరోదో, లెక్క తప్పింది, ఫోన్ గురించి. దీనికి సర్కారు ముద్ర గూడ ఉన్నది. 27 నవంబర్ 2019 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు కాడ ఒక పశువుల డాక్టరమ్మను ఎత్తుకపోయి అత్యాచారం చేసి చంపింది మీ అందరికి తెలుసు. తర్వాత ఆమెను దిశ అన్నరు. నేనప్పుడు దుబాయ్‌ల ఉన్న, ఇమోల ముచ్చట్లన్ని వచ్చినయి. అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ, ఆ పిల్ల చెల్లెకు కాకుండ 100కు ఫోన్ చేస్తే బతికేదన్నట్టు మాట్లాడిండు. హైదరాబాద్ పోలీసులు ఆడోళ్లు పాటించాల్సిన జాగ్రత్తలని ఒక చిట్టా విడిచిండ్రు: ఎక్కడికి పోతున్నరో ఇంట్ల చెప్పండ్రి, వెలుతురున్న జాగల, మందిల నిలవడండ్రి, ఫోన్ మాట్లాడుతున్నట్టు చేయండ్రి అని. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆర్టీసీల పనిచేసే ఆడోళ్లకు రాత్రి ఎనిమిది దాటితే డ్యూటీ వద్దన్నడు. చూడు, నేను ఏండ్ల సంది చెప్పేది వీళ్లు ఇప్పుడు చెప్తున్నరని ఆ రాత్రి మా ఇంటామెకు ఫోన్ చేసిన.

ఆమె శానాసేపు మాట్లాడలే. తర్వాత అన్నది: ‘ఆ పిల్ల నిలవడ్డది టోల్‌గేటు కాడ. అంతకన్న లైట్లు, అంతకన్న మంది ఎక్కడుంటరు? బండి ఎందుకు పంచరైందో ఆమెకు తెల్వది. ఇంటికి ఫోన్ చేసి భయమైతుందని చెప్పింది. అమ్మానాయినలు ఠాణాకు పోతే మా హద్దు గాదు, మీ హద్దు గాదు అన్నరు. మీ సూత్రాలల్ల ఆమె ఏది తప్పింది?’ హద్దుల పేరుతోని ఆలస్యం చేసిండ్రని ముగ్గురు పోలీసులను తర్వాత సస్పెండ్ చేసిండ్రు. ఆమె ప్రశ్నకు సమాధానం రాయనీకి నాకు ఇప్పటిదాక జాగ దొరకలే.

డిసెంబర్ 6న నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌ల పోయిండ్రని తెల్లారేసరికి వీడియోలు వచ్చినయి. జనం పోలీసుల మీద పూలు చల్లుతున్న వీడియో నేను గూడ ముప్పై మందికి పంపిన. కథ ఒడిసింది, ఆడోళ్లకు ఇగ భయం లేదని రాసిన. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, అది ఎదురుకాల్పులు గాదు, చంపాలనే కాల్చిండ్రని 2022ల రిపోర్టు ఇచ్చింది. ఆ వార్త మాత్రం ఎవ్వలకు పంపలే.

ఇంకొకటి. 112, 100, 181, చిన్నపిల్లలకు 1098, ఈ నంబర్లు ఫోన్ల పెట్టుకోవద్దు. బ్యాటరీ తొందరగ ఒడుస్తది. 2024 మార్చిల టీ-సేఫ్ అని తెచ్చిండ్రు, ఒంటరిగ పోయే ఆడోళ్ల ప్రయాణాన్ని పోలీసులు ఇల్లు చేరేదాక కనిపెడ్తరట. మా బిడ్డ డిచ్‌పల్లి నుంచి వచ్చేటప్పుడు వాడుతది. ఆమె ఎక్కడున్నదో పోలీసులకు తెలిసి నాకు తెల్వకపోవుడు నాకు నచ్చలే.

ఏమన్న జరిగితే ఏం జేయాలె అన్నది అన్నింటికన్న పెద్ద సూత్రం. ఠాణాకు పోవద్దు. మా ఆర్మూర్, బాల్కొండ దిక్కు ఊళ్లల్ల వీడీసీలు ఉంటయి, అంటే గ్రామాభివృద్ధి కమిటీలు. గుడి కట్టాలన్నా వాళ్లే, బెల్టుషాపు వేలం పాడాలన్నా వాళ్లే, మాట వినకపోతే కులం మీద కులాన్ని వెలివేయాలన్నా వాళ్లే. అండ్ల ఆడోళ్లు కూసుండరు గాబట్టి తీర్పు తొందరగ అయితది. పోరడు తప్పు చేసిండనుకో, దండుగ వేస్తరు. దండుగ కమిటీకి పోతది. పిల్ల ఇంటికి పోతది. అందరు సల్లగ ఉంటరు.

మా బిడ్డ దీనికి ఒక గంటసేపు లొల్లి పెట్టింది. 1 జూలై 2024 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చిందట. ఎంబడి వడి సతాయించుడు 78వ సెక్షన్, మొదటిసారికే మూడేండ్లదాక జైలు. మీద చెయ్యి వేస్తే 74. ఏ ఠాణాకు పోయినా హద్దు గాదనకుండ జీరో ఎఫ్ఐఆర్ రాయాలె. 74 సొంటి నేరాలల్ల ఫిర్యాదు రాసుకోకపోతే ఆ పోలీసాయనకే ఆరు నెలల నుంచి రెండేండ్ల జైలు. పద్దెనిమిది నిండని పిల్ల అయితే 2012 నాటి పోక్సో చట్టం, తెలిసి గూడ పోలీసులకు చెప్పకపోవుడు నేరమే. ‘అంటే బాపూ, పంచాయితి చేసి కలిపినోళ్లు గూడ’ అని ఆగింది. నేను రెండుసార్లు అసొంటి పంచాయితిల కూసున్న. అయిన మర్యాద గూడ జేసిండ్రు, కల్లు, కోడికూర.

నా పద్ధతి వేరే. పోరడు ఎంబడి వడ్తే పిల్ల చదువు బంద్ జేయాలె, ఫోన్ గుంజుకోవాలె, దొరికిన సంబంధం చూసి పెండ్లి చేయాలె. చట్టంల వానికి మూడేండ్లు. మన పద్ధతిల పిల్లకు యావజ్జీవం. గని ఊర్ల లొల్లి ఉండది.

షీ టీమ్స్ అని ఉన్నయి, 24 అక్టోబర్ 2014న పట్నంల మొదలై జిల్లాలకు వచ్చినయి. మఫ్టీల తిరుగుతరట. ఒకనాడు బస్టాండ్ కాడ ఇద్దరు ఆడపిల్లలు అర్ధగంట సంది నిలవడి అటు ఇటు చూస్తున్నరు. దగ్గరికి పోయి, ఇంతసేపు ఇక్కడ నిలవడొద్దు బిడ్డా, జమానా మంచిగ లేదు, ఎవ్వల పిల్లలు మీరు, ఏ ఊరు, పెండ్లైందా అని అడిగిన. నేను దినాం ఎన్ని గంటలు ఈడ కూసుంటనో వాళ్లు అడిగిండ్రు. నా పేరు, ఊరు, ఫోన్ నంబర్ రాసుకున్నరు. సలహా నచ్చిందనుకున్న.

కార్తీకంల లింబాద్రి గుట్ట జాతరకు ఆడోళ్లు పోవద్దని రాద్దామంటే మా ఇంటామె కలం గుంజుకున్నది. ఆమె ఏటా పోతది. వాడకట్టు ఆడోళ్లు పదిమంది చేతులు పట్టుకొని దండలెక్క నడుస్తరు. చిన్న పిల్లల చేతి మీద పెన్నుతోని ఫోన్ నంబర్ రాస్తరు. తప్పిపోతే ఎక్కడ కలవాల్నో బండి దిగంగనే చెప్పుకుంటరు. ఇవన్ని ఎవ్వలు నేర్పిండ్రే అంటే, ఎవ్వలు నేర్పలేదన్నది.

సద్దుల బతుకమ్మ నాడు నా సూత్రాలన్నింటికి సెలవు. ఆనాడు ఆడోళ్లు ఒంటినిండ నగలు పెట్టుకొని, కొత్త చీరలు కట్టుకొని, పొద్దుమూకినంక బయటికొచ్చి, రాత్రిదాక ఆడి, చెరువుకాడికెల్లి గదే చీకటి గల్లీల నడుసుకుంట ఇంటికొస్తరు. పదిమందిల ఇద్దరికి గూడ మొగతోడు ఉండది. ఏం గాదు. మిగిలిన దినాలు అయ్యేది ఆనాడు ఎందుకు గాదో నాకు తెల్వది. సడక్ మీద వాళ్లే నిండ ఉంటరని మా బిడ్డ అంటది. ఒక్క దినం లెక్క తీసి సూత్రం మారుస్తమా?

రాసుడు ఒడిసినంక మొన్న రాత్రి కాగితాలు మా ఇంటామెకు ఇచ్చిన. చాట ఒళ్ల పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే అన్ని చదివింది. ‘మన గల్లీ మూల స్తంభానికి ఎనిమిది నెలల సంది లైటు లేదు. ఇండ్ల గది రాయలేదేంది?’ అన్నది. అది కరెంటు ముచ్చటనే, భద్రత ముచ్చట గాదన్న.

తెల్లారి ఆమె ఇందూరు పోయి ఆఖరి బస్సుకు వచ్చింది. మొగతోడు ఎట్లుంటదో చూపిద్దామని తోల్కరానికి బయలెల్లిన. చేతుల టార్చి లేదు, రెండో సూత్రం ప్రకారం నెత్తి వంచుకొని పోయిన. గా మూలకాడ మోరీ మీది బండ పలిగి ఉన్నది. అండ్ల పడ్డ. బస్సు దిగి వస్తున్న నలుగురు ఆడోళ్లు టార్చి వేసి చూసి బయటికి గుంజిండ్రు. అండ్ల ఒకామె మా ఇంటామె. కాలికి నాలుగు కుట్లు పడ్డయి.

లైటుకు అర్జీ ఆమె రాసింది, నేను సంతకం పెట్టిన. వాడకట్టు ఆడోళ్లు నలభై మంది పెట్టిండ్రు. ఇంక లైటు రాలే. అటు దిక్కు వచ్చేటోళ్లు, ఆడోళ్లయినా మొగోళ్లయినా, టార్చి తెచ్చుకోండ్రి. బండ గూడ ఇంక వేయలే.